రాగిలో నిదానం, రాతిలో తొందర

కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందని బడిపిల్లలకూ తెలుసు. దిక్సూచి పక్కన తీగ పెట్టి, ముల్లు కదలడం చూపించే ప్రయోగం చాలా బడుల్లో ఉన్నదే. ఆ క్షేత్రం తీగ లోపల కూడా ఉంటుందా అని అడిగితే మాత్రం ఇంటర్ చదివినవాళ్లు కూడా కాస్త తడుముకుంటారు. వాహకం లోపల విద్యుత్ క్షేత్రం సున్నా అని ఎప్పుడో బట్టీపట్టిన వాక్యం గుర్తుకొచ్చి, ఇదీ సున్నాయే అనేస్తారు. ఆ వాక్యం కదలకుండా ఉన్న ఆవేశాలకు సంబంధించింది. కరెంటు పారుతున్న తీగకు అది పనికిరాదు. అయస్కాంత క్షేత్రానికైతే దానితో నిమిత్తమే లేదు.

నల్లగొండలోనో పాలమూరులోనో ఏ బోరు దగ్గరైనా కనిపించే కేబులునే తీసుకుందాం. 5 హెచ్‌పీ మోటరుకు ఒక్కో ఫేజులో దాదాపు 8 ఆంపియర్లు పారుతుంది. తీగ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి అనుకుందాం. సరిగ్గా నడిమధ్యన ఆ కరెంటు పుట్టించే క్షేత్రం సున్నా. అంచు వైపు జరిగేకొద్దీ అది దూరానికి తగ్గట్టు పెరుగుతూ పోతుంది. అంచుకు చేరేసరికి 1.4 మిల్లీటెస్లాలు అవుతుంది, అంటే ఈ ప్రాంతంలో భూమికున్న అయస్కాంత క్షేత్రానికి ముప్పై రెట్ల పైమాటే. అంచు దాటి గాలిలోకి వచ్చాక మళ్లీ తగ్గుతుంది. తీగ లోపల ఒక బిందువు దగ్గర క్షేత్రం ఎంతన్నది, ఆ బిందువు కంటే లోపలి భాగంలో పారే కరెంటు మీదే ఆధారపడి ఉంటుంది. బయటి పొరలో పారే కరెంటు ప్రభావాలు అన్ని వైపుల నుంచీ వచ్చి అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే నడుమ సున్నా, రాగి ఒంటి మీద గరిష్ఠం.

పక్కపక్కనే మూడు తీగలున్న ఫ్లాట్ కేబుల్లో ఇంకో సంగతి ఉంది. మూడు ఫేజుల కరెంట్లను ఏ క్షణాన కూడినా మొత్తం సున్నాయే. కాబట్టి కేబులుకు జానెడు దూరం జరిగితే క్షేత్రం చాలావరకు మాయమవుతుంది. ఉన్న బలమంతా రాగిలోనూ, దాన్ని ఆనుకునీ ఉంటుంది.

ఇదంతా కరెంటు తనకు తాను తయారుచేసుకునే క్షేత్రం. బయటి నుంచి వచ్చే క్షేత్రం వాహకంలోకి ఎలా దిగుతుందన్నదే ఇంతకంటే ఆసక్తి కలిగించే ప్రశ్న. మార్పు లేని క్షేత్రానికి రాగి ఉన్నా లేనట్టే. రాగి పళ్లేనికి ఒక పక్క అయస్కాంతం పెట్టి ఉంచితే, దాని క్షేత్రం గాలిలోంచి పోయినట్టే రాగిలోంచి రెండో పక్కకు పోతుంది. క్షేత్రం మారినప్పుడే లోహం మేలుకుంటుంది. 1824లో ఫ్రాన్స్‌లో అరాగో రాగి పళ్లేన్ని గిరగిరా తిప్పితే, దాని పైన వేలాడుతున్న అయస్కాంత ముల్లు కూడా దాని వెంటే తిరగసాగింది. అయస్కాంతం అంటుకోని లోహం అయస్కాంతాన్ని ఎలా ఈడుస్తుంది? జవాబు కోసం 1831 దాకా ఆగాల్సి వచ్చింది. మారుతున్న క్షేత్రం వాహకంలో కరెంటు పుట్టిస్తుందని ఫారడే చూపించాడు. ఆ కరెంటు తన పుట్టుకకు కారణమైన మార్పునే ఎదిరిస్తుందని 1834లో లెంజ్ చెప్పాడు. లోహపు దిమ్మెలో ఇలా చుట్లు తిరిగే వాటినే ఎడ్డీ కరెంట్లు అంటాం.

ఎదిరిస్తుంది అనగానే చాలామంది మనసులో ఒక గోడ లేస్తుంది. ఈ విషయంలో దిద్దుకోవాల్సిన ఊహ అదే. మామూలు లోహానికి క్షేత్రాన్ని ఎప్పటికీ ఆపే శక్తి లేదు. అది చేయగలిగింది ఆలస్యం. ఎడ్డీ కరెంట్లు లోహంలోని నిరోధం వల్ల వేడిగా మారి సన్నగిల్లుతుంటాయి, అవి సన్నగిల్లినంత మేర క్షేత్రం లోపలికి దిగుతుంది. చెల్కలో పడ్డ వాన చిటికెలో ఇంకిపోతుంది, రేగడిలో పడ్డది పైపైన నిలిచి మెల్లమెల్లగా దిగుతుంది. మంచి వాహకం ఈ లెక్కన రేగడి నేల.

ఆలస్యం ఎంత? అది మందానికి వర్గంగా పెరుగుతుంది, కిటుకంతా అక్కడే ఉంది. సెంటీమీటరు మందమున్న రాగి పలకలో క్షేత్రం సర్దుకోవడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. మీటరు మందమైతే సుమారు 7 సెకన్లు పడుతుంది. మందం వంద రెట్లు, ఆలస్యం పదివేల రెట్లు. అతివాహకాల కథ వేరు. అవి తమ లోపలి క్షేత్రాన్ని బయటికే నెట్టేస్తాయని 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ కనిపెట్టారు. బోర్లకూ బండలకూ వాటితో పనిలేదు కాబట్టి ఇక్కడికి వదిలేద్దాం.

మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది. క్షేత్రం లోపలికి దిగుతుండగానే దాని దిశ మారిపోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలు. అందువల్ల అది కొంత లోతు వరకే బలంగా ఉండగలదు. క్షేత్రం బలం మూడో వంతుకు కాస్త పైన మిగిలే లోతును స్కిన్ డెప్త్ అంటారు. లెక్క సులువే. పదార్థపు నిరోధకతను ఓమ్ మీటర్లలో తీసుకుని పౌనఃపున్యంతో భాగించి, వర్గమూలం కట్టి, 503తో గుణిస్తే లోతు మీటర్లలో వస్తుంది. రాగిలో 50 హెర్ట్జ్‌కు 9.3 మిల్లీమీటర్లు. ఓమ్ మీటరు వెయ్యి ఉన్న గ్రానైటులో అదే 50 హెర్ట్జ్‌కు రెండు కిలోమీటర్ల పైనే. ఇనుము లాంటి అయస్కాంత పదార్థాలకు ఈ లెక్కలో ఇంకో గుణకం చేరుతుంది, లోతు ఇంకా తగ్గుతుంది.

పొలాల మీదుగా పోయే హైటెన్షన్ లైన్లలో ఉండేది అల్యూమినియం పోగుల నడుమ ఉక్కు పోగులున్న కండక్టరు. అల్యూమినియంలో స్కిన్ డెప్త్ 12 మిల్లీమీటర్ల దగ్గర. 400 కేవీ లైన్లకు విరివిగా వాడే మూస్ రకం కండక్టరు వ్యాసార్ధం 16 మిల్లీమీటర్ల లోపే. అందుకే కరెంటు పైపొరకే తోసుకుపోవడం వల్ల వచ్చే నష్టం, అంటే స్కిన్ ఎఫెక్ట్ నష్టం, అక్కడ కొద్దిపాటిదే. పోగులుగా పేనడం వల్ల ఆ నష్టం పోతుందని కొందరు చెబుతుంటారు. పోవడం జరగదు. పోగులు ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి, క్షేత్రం దృష్టిలో అదంతా ఒకే కడ్డీ. పేనేది తీగ వంగడానికి, లాగినా తట్టుకోవడానికి.

నిజంగా పోగులతో క్షేత్రాన్ని లొంగదీసుకున్న చోటు చూడాలంటే శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రం లాంటిచోటికి పోవాలి. పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న ఆ కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. ఈ పరిమాణం యంత్రాల్లో కరెంటు వేల ఆంపియర్లలో పారుతుంది, కదలని భాగమైన స్టేటరు గాళ్లలో ఉండే రాగి కడ్డీలు లావుగా ఉండక తప్పదు. లావు కడ్డీ గాడిలో కూర్చుంటే కరెంటంతా గాడి మూతి వైపుకు తోసుకొచ్చి, అడుగున రాగి ఉత్తగా పడి ఉంటుంది. దానికి విరుగుడును 1912లో రోబెల్ అనే జర్మన్ ఇంజినీరు కనిపెట్టాడు. కడ్డీని సన్నని పట్టీలుగా చేసి, ఒక్కోదానికి విడిగా ఇన్సులేషన్ వేసి, గాడి పొడవునా వాటి స్థానాలు మారుస్తూ పోతారు. అడుగున మొదలైన పట్టీ పైకి వస్తుంది, పైది కిందికి పోతుంది. ప్రతి పట్టీకీ బలమైన క్షేత్రంలోనూ బలహీనమైన క్షేత్రంలోనూ సమాన వాటా దక్కడంతో కరెంటు అన్నిట్లోనూ సమంగా పారుతుంది. లైను తీగలో లేనివి, ఇందులో ఉన్నవి రెండే రెండు. పోగుల మధ్య ఇన్సులేషన్, స్థానాల మార్పిడి.

ఇక బోరు మోటరు. అరాగో పళ్లేనికి అది నేరుగా వారసురాలు. స్టేటరులో మూడు ఫేజులు కలిసి తిరిగే క్షేత్రాన్ని తయారుచేస్తాయి. రెండు పోళ్ల మోటరులో అది నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. తిరిగే భాగమైన రోటరుకు బయటి నుంచి ఏ తీగా ఉండదు. దాని గాళ్లలో రాగి కడ్డీలు, రెండు కొసలా వాటిని కలిపే ఉంగరాలు, అంతే. తిరిగే క్షేత్రం ఆ కడ్డీల్లో కరెంటు పుట్టించి రోటరును తనవెంట ఈడుస్తుంది. ఎంత ఈడ్చినా రోటరు క్షేత్రాన్ని పూర్తిగా అందుకోకూడదు. అందుకుంటే మార్పు ఆగిపోతుంది, కరెంటు ఆగిపోతుంది, లాగే బలమూ పోతుంది. నిమిషానికి 2,850 చుట్ల దగ్గర అది స్థిరపడుతుంది.

స్విచ్ వేసిన క్షణంలో రోటరు కదలకుండా ఉంటుంది కనుక దాని కడ్డీలకు క్షేత్రం సెకనుకు 50 సార్లు మారుతూ కనిపిస్తుంది. అప్పుడు రాగిలో స్కిన్ డెప్త్ 9 మిల్లీమీటర్లు. రోటరు వేగం అందుకున్నాక అదే మార్పు సెకనుకు రెండున్నర సార్లకు పడిపోతుంది. స్కిన్ డెప్త్ 40 మిల్లీమీటర్లు దాటి, కడ్డీ మొత్తం కరెంటుకు దారిస్తుంది. పెద్ద మోటర్లలో దీన్ని కావాలనే వాడుకుంటారు. కడ్డీలను లోతుగా పెడతారు. స్టార్టింగులో కరెంటు పై అంచుకే పరిమితమై నిరోధం పెరుగుతుంది, దాంతో మొదటి ఊపు బలంగా వస్తుంది. వేగం అందాక నిరోధం దానంతటదే తగ్గి నష్టం తగ్గుతుంది. ఏ మీటా నొక్కక్కర్లేదు, గేరు మార్చక్కర్లేదు. రాగి చేసే ఆలస్యమే ఆ పని చూసుకుంటుంది. ఇంత తెలివైన ఏర్పాటు మరే యంత్రంలోనూ నాకు కనిపించలేదు. సన్నటి బోరు మోటర్లలో కడ్డీలు చిన్నవి కావడంతో ఈ లాభం తక్కువే.

లో-వోల్టేజీ ఈ మోటర్లను ఎందుకు కాల్చేస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. మోటరు లాగే బలం వోల్టేజీకి వర్గంగా మారుతుంది. వోల్టేజీ 80 శాతానికి పడితే బలం 64 శాతమే. రోటరు వేగం అందుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ మామూలు కరెంటుకు ఐదారు రెట్లు పారుతూనే ఉంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అంతకు ముందు గంటల లెక్కన కరెంటు ఇచ్చే రోజుల్లో ఊరంతా ఆటో స్టార్టర్లు పెట్టుకునేవారు. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి. అప్పుడు వోల్టేజీ ఎంతకు పడేదో రైతులకు చెప్పాల్సిన పనిలేదు.

వైండింగ్ షాపులో విప్పిన మోటరు చూస్తే, ఇనుప భాగం పలచటి రేకుల దొంతరలా ఉంటుంది. స్టాంపింగులు అంటారు. ఒక్కోటి దాదాపు అర మిల్లీమీటరు, మీద సన్నని ఇన్సులేషన్ పూత. ఎడ్డీ కరెంట్ల వేడి తగ్గించడానికి అని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. అది నిజమే. రేకు మందం రెట్టింపైతే ఆ నష్టం నాలుగు రెట్లవుతుంది. అసలు ఇబ్బంది ఇంకా ముందే ఉంది. మోటర్లకు వాడే సిలికాన్ ఉక్కులో 50 హెర్ట్జ్‌కు స్కిన్ డెప్త్ మిల్లీమీటరు కూడా ఉండదు. గట్టి ఇనుప దిమ్మె పెడితే క్షేత్రం దాని లోపలికే రాదు, పైపొరలోనే తిరిగి వెళ్లిపోతుంది. కిలోల కొద్దీ ఇనుము దండగ. రేకులుగా కోస్తే ప్రతి రేకులోనూ క్షేత్రం ఆ చివర నుంచి ఈ చివరకు నిండుతుంది. పాత వైండింగును మంటపెట్టి కాల్చి తీయడం కొన్నిచోట్ల అలవాటు. మంట మరీ ఎక్కువైతే ఆ పూత కాలిపోయి రేకులు ఒకదానికొకటి అంటుకుంటాయి. కొత్త రాగి చుట్టినా మోటరు మునుపటికంటే వేడెక్కుతూనే ఉంటుంది.

ఆ మోటరును దించే బోరు ఎక్కడ వేయాలన్న ప్రశ్నకూ ఇదే భౌతికశాస్త్రం అక్కరకొస్తుంది. నల్లగొండ, పాలమూరు నేలల కింద ఎక్కువ భాగం 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్లు, వాటి బంధువులు. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న బండ, అడుగున గట్టి బండ. నీళ్లు మొరంలోనూ పగుళ్లలోనూ ఉంటాయి. తడిసిన మొరం నిరోధకత పదుల ఓమ్ మీటర్లలో ఉంటే, గట్టి బండది వేలల్లో ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు, అంటే ఎన్‌జీఆర్‌ఐకి, విజయవాడ జాతీయ రహదారి మీది చౌటుప్పల్‌లో ప్రయోగక్షేత్రం ఉంది. 2016 దాకా అది నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి, గ్రానైటు పగుళ్లలో నీళ్లు ఎలా కదులుతాయో అక్కడ బోర్లు వేసి పరిశీలిస్తున్నారు.

ఊళ్లలో జియాలజిస్టులు మిషన్ పెట్టి చూడటం అంటే సాధారణంగా నాలుగు కడ్డీలు నేలలో దిగేసి, కరెంటు పంపి నిరోధకత కొలవడమే. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే నీళ్లున్నాయనే వారితో ఇంకా పోటీ పడుతున్నది ఈ పద్ధతే. దానికంటే చురుకైన పద్ధతి ఇంకొకటి ఉంది. నేల మీద పెద్ద తీగ చుట్టు పరిచి, కరెంటు పారించి, చటుక్కున ఆపేస్తారు. క్షేత్రం కుప్పకూలబోతుంది. భూమి అందుకు ఒప్పుకోదు. తీగలో ఆగిన కరెంటు స్థానంలో నేలలో ఎడ్డీ కరెంట్లు పుట్టి, క్షేత్రాన్ని కాసేపు నిలబెడతాయి. అవి వలయాలుగా వెడల్పవుతూ, లోతుకు దిగుతూ సన్నగిల్లుతాయి. ఆ సన్నగిల్లడాన్ని పైన ఒక కాయిల్ మైక్రోసెకన్ల లెక్కన వింటుంది. 50 ఓమ్ మీటర్ల తడి మొరంలో 10 మైక్రోసెకన్లకు క్షేత్రం దిగేది 28 మీటర్లు. 2,000 ఓమ్ మీటర్ల బండలో అదే వ్యవధిలో దాదాపు 180 మీటర్లు దూసుకుపోతుంది. ఎక్కడ తటపటాయించిందో అక్కడ వాహకం, అంటే మొరమో బంకమన్నో తడో ఉన్నట్టు. ఎక్కడ తొందరగా పోయిందో అక్కడ వట్టి బండ.

2013 తరవాత ఎన్‌జీఆర్‌ఐ ఇదే పనిని హెలికాప్టరు కింద తీగ చట్రం వేలాడదీసి దేశంలో కొన్ని చోట్ల చేసింది. వాటిలో కర్ణాటకలోని తుమకూరు జిల్లా అంకసంద్ర ఒకటి, రాతి తీరులో మన జిల్లాలకు దగ్గరి చుట్టం. ఈ పద్ధతికి అతిగా ఆశపడకూడదన్నది నా అభిప్రాయం. మొరం ఎంత మందమో ఇది బాగా చెబుతుంది. 60 మీటర్ల లోతులో వేలెడు వెడల్పున్న పగులును ఇది పట్టలేదు, ఎందుకంటే అంత సన్నని పొర క్షేత్రాన్ని ఆలస్యం చేసేది లెక్కలోకి రానంత. పక్కన పాత బోరుకు ఇనుప కేసింగ్ పైపు ఉంటే, పైన కరెంటు తీగ పోతుంటే సంకేతం చెడుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉందో లేదో అసలే చెప్పదు. నల్లగొండ ప్రాణాల మీదికి తెచ్చిన ఆ ఫ్లోరైడ్ లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే. నీటి వాహకతను కదిలించడానికి అది చాలదు, ఎముకలను వంచడానికి చాలు.

చౌటుప్పల్ ఆవరణలో ఇంకో పని కూడా నడుస్తోంది. భూమి అయస్కాంత క్షేత్రాన్ని రాత్రింబవళ్లు కొలిచే పరిశీలనశాల అది. ఎన్‌జీఆర్‌ఐ 1964 నుంచి హైదరాబాద్‌లోని తన ఆవరణలో ఈ కొలతలు తీస్తోంది. నగరం పెరిగింది, వాహనాలు పెరిగాయి, 2017 నవంబరులో ఆ ఆవరణ ముందు నుంచే మెట్రో రైలు పరుగెత్తడం మొదలుపెట్టింది. స్టేషన్ పేరు కూడా ఎన్‌జీఆర్‌ఐ. ఇవన్నీ ఆ కొలతలను చెడగొట్టేవే. అంతకు ముందే, 2012లో, చౌటుప్పల్‌లో రెండో పరిశీలనశాల మొదలైంది. అక్కడ కొలిచే మొత్తం క్షేత్రం సుమారు 43 వేల నానోటెస్లాలు. పగటి పూట ఎండకు పై వాతావరణంలో పారే కరెంట్ల వల్ల అది రోజూ కొన్ని పదుల నానోటెస్లాలు ఎగుడుదిగుడు అవుతుంది. ఆ ఎగుడుదిగుడులో సుమారు మూడో వంతు ఆకాశంది కాదు, నేలది. పైనుంచి వచ్చే మార్పు భూమిలో పుట్టించే కరెంట్ల వాటా అది. లోపలిదాన్నీ బయటిదాన్నీ వేరుచేయడం 1889లోనే ఆర్థర్ షూస్టర్ చేసి చూపించాడు. మార్పు ఎంత నిదానమైతే అంత లోతుకు పోతుంది కాబట్టి, రోజుకొకసారి వచ్చే ఈ అల వందల కిలోమీటర్ల లోతులోని రాతి వాహకతను చెబుతుంది. అంత లోతుకు పోగల బోరు మిషను లేదు.

సూర్యుడి మీద అలజడి రేగినప్పుడు ఈ మార్పు వందల నానోటెస్లాలకు చేరుతుంది. 2024 మే 10, 11 తేదీల అయస్కాంత తుఫానులో లద్దాఖ్‌లోని హాన్లే నుంచి ఎర్రటి ధ్రువకాంతి కనిపించింది. ఇలాంటప్పుడు నేలలో పుట్టే వోల్టేజీ గట్టి బండల ప్రాంతాల్లోనే ఎక్కువ. 1989 మార్చి 13న గ్రిడ్ కుప్పకూలిన కెనడాలోని క్యుబెక్ కూడా మనలాగే పురాతన బండల దేశం. మనకు అక్షాంశం కలిసొచ్చింది. ధ్రువాల దగ్గరి ఉద్ధృతి ఇక్కడిదాకా రాదు.

ఈ 43 వేల నానోటెస్లాలు అసలు ఎక్కడివి? అడుగున 2,900 కిలోమీటర్ల కింద, కరిగిన ఇనుప గర్భంలోవి. దాని వ్యాసార్ధం 3,480 కిలోమీటర్లు. ఆలస్యం పరిమాణానికి వర్గంగా పెరుగుతుందన్న లెక్క అక్కడ వేస్తే, కొత్తగా ఏ కరెంటూ పుట్టకపోయినా పాత క్షేత్రం చల్లారడానికి పదుల వేల సంవత్సరాలు పడుతుంది. అది చాలా కాలమే, కానీ భూమి వయసు ముందు ఏపాటి? క్షేత్రం ఇన్ని వందల కోట్ల ఏళ్లు నిలిచిందంటే, ఆ ఇనుము కదులుతూ దాన్ని ఎప్పటికప్పుడు పునరుద్ధరిస్తుండాలి. అంత పెద్ద వాహకంలో క్షేత్రం ద్రవానికి అతుక్కుపోయినట్టు దానితోపాటే కదులుతుందని ఆల్ఫెన్ 1942లో చెప్పాడు. 1970లో ఆయనకు నోబెల్ వచ్చింది. అందువల్ల పైన క్షేత్రం ఎలా జరుగుతోందో కొలిస్తే, కింద ఇనుము ఎటు పారుతోందో లెక్కగట్టవచ్చు.

అయితే మధ్యలో మాంటిల్ ఉంది. అదీ కొద్దిపాటి వాహకమే. గర్భంలో చటుక్కున జరిగే మార్పులను అది మింగేస్తుంది, నిదానమైన వాటినే పైకి రానిస్తుంది. 1969లో ఐరోపా పరిశీలనశాలల్లో నమోదైన ప్రసిద్ధమైన కుదుపు కూడా, అటూ ఇటూ ఏళ్ల తరబడి కొలతలు ఉండబట్టే బయటపడింది. అందుకే ఒక పరిశీలనశాలను ఎత్తేసి మరోచోట పెట్టడం అంత తేలిక కాదు. హైదరాబాద్ కింది బండకూ చౌటుప్పల్ కింది బండకూ తేడా ఉంటుంది, రెండు చోట్లా అంకెలు ఒక్కటి కావు. రెండింటినీ కొన్నేళ్లు పక్కపక్కనే నడిపి ఆ తేడా ఎంతో తేల్చితేనే, 1964లో మొదలైన వరుస తెగకుండా చౌటుప్పల్‌లో కొనసాగుతుంది.